సూది దిగని ధమని: ఒక డయాలసిస్ కేసు, ఫాస్ఫరస్ లెక్క

ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఓపీలో ఉన్నాను. అవతల వాస్క్యులర్ సర్జన్. "మీరు పంపిన ఫిస్టులా కేసు ఆపేసి మూసేస్తున్నానండీ. మణికట్టు దగ్గర ధమని బయటికి తీశాను, కుట్టు సూది దిగడం లేదు. గట్టిగా గుచ్చితే గోడ కోడిగుడ్డు పెంకులా చిట్లుతోంది" అన్నారు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో ధమనిని సిరతో కలిపి కుట్టే దారే ఫిస్టులా.

పేషెంటుకి 47 ఏళ్ళు. షుగరు లేదు. బీడీ, చుట్ట ఎన్నడూ ముట్టలేదు. కొలెస్ట్రాల్ ఎప్పుడు చూసినా మామూలే. డెబ్భై దాటిన షుగరు పేషెంటు కాళ్ళలో చూసే రక్తనాళం ఈయన చేతిలోకి ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. పద్నాలుగు నెలల ఫాస్ఫరస్ అంకెలు మా కేసు షీటులోనే ఉన్నాయి, ప్రతి అంకె పక్కనా నా చేతిరాతతో సహా.

ఈ కేసు రాయడానికి ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఎవరీ పేషెంటు

సొంతూరు కనిగిరి వైపు. ఇరవై ఏళ్ళ కిందట పని వెతుక్కుంటూ నెల్లూరు తీరానికి వచ్చి, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో కుదిరి, ఇందుకూరుపేట మండలంలో స్థిరపడ్డారు. ఆరేళ్ళ కిందట ఆయాసంతో, వాచిన కాళ్ళతో నా దగ్గరికి వచ్చారు. అప్పటికే క్రియాటినిన్ 9 దాటింది. స్కాన్‌లో రెండు కిడ్నీలూ చిన్నవైపోయి ఉన్నాయి. బయాప్సీకి అదును దాటిపోయింది. ఎడమ మణికట్టు దగ్గర ఫిస్టులా వేయించి డయాలసిస్ మొదలుపెట్టాం. వారానికి మూడుసార్లు రమ్మన్నాం. ఆయన రెండుసార్లే వచ్చేవారు. ఊరి నుంచి పొద్దున్నే బయల్దేరితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది, ఆ రోజు కూలి పోతుంది. ఒంట్లో బాగానే ఉందనేవారు. కిడ్నీ బయటికి పంపలేని ఫాస్ఫరస్ రక్తంలో పెరిగినా మనిషికి ఏమీ తెలియదు. మహా అయితే దురద. అదే దీంతో చిక్కు.

ఐదేళ్ళు చక్కగా పనిచేసిన ఫిస్టులా ఒక ఉదయం గడ్డకట్టి మూగబోయింది. మెడలో పర్మ్‌క్యాత్ (డయాలసిస్ కోసం సిరలో ఉంచే గొట్టం) పెట్టి, కుడి మణికట్టుకి కొత్త ఫిస్టులా కోసం సర్జన్ దగ్గరికి పంపాను. ముందుగా డాప్లర్ స్కాన్‌తో రక్తనాళాలు చూపించకుండా పంపాను. అది నా తప్పు.

అప్పటికి నాకు రెండు హెచ్చరికలు వచ్చాయి, రెండూ దాటవేశాను. మొదటిది బీపీ. 188/64 ఉండేది. పై అంకెను చూసి మూడుసార్లు మాత్రలు పెంచాను. రెండు అంకెల మధ్య 124 ఎడం ఉందంటే బృహద్ధమని సాగే గుణం పోగొట్టుకుందని అర్థం. గుండె ఒక్కసారి కొట్టినప్పుడు బెలూనులా సాగి, తర్వాత మెల్లగా ముడుచుకుంటూ రక్తాన్ని ముందుకు నెట్టాల్సిన గొట్టం అది. అది బిగుసుకుపోతే పై అంకె ఎగురుతుంది, కింది అంకె జారుతుంది, గుండె గోడ మందమవుతుంది. చేతిలో ధమనే గట్టిపడ్డప్పుడు పట్టీ దాన్ని సరిగ్గా నొక్కలేక అంకె ఉన్నదానికన్నా ఎక్కువ కూడా చూపిస్తుంది. నేను మాత్రలు పెంచిన ప్రతిసారీ ఆయన డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోయి కళ్ళు తిరిగి వాలిపోయేవారు.

రెండోది కుడికాలి రెండో వేలు. కొన నల్లబడింది, రాత్రిళ్ళు నొప్పి. కాలి బీపీని చేతి బీపీతో భాగించి చూసే పరీక్ష వేరేచోట చేయించుకుని వచ్చారు. 1.46 వచ్చింది. "ఒకటి కన్నా ఎక్కువే ఉంది, రక్తప్రసరణ బాగుంది" అని చెప్పి పంపారట. 1.4 దాటిందంటే బాగుందని కాదు, పట్టీ ఎంత బిగించినా నొక్కుకోనంతగా ధమని గట్టిపడిందని. మేం బొటనవేలి దగ్గర విడిగా చూస్తే ప్రెషర్ 38 మాత్రమే ఉంది.

రెండు రకాల సున్నం, ఒకే ఎక్స్‌రే

సర్జన్ ఫోన్ తర్వాత చేతులు, పాదాలు, నడుం పక్కవాటు ఎక్స్‌రేలు తీయించాను. ముంజేయి ఫిల్మ్ మీద రిపోర్టు ఒక్క మాటలో వచ్చింది: ఫ్లోరోసిస్ మార్పులు.

ఆ రిపోర్టు రాసినవాళ్ళను తప్పుపట్టలేను. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతం నుంచి వచ్చిన మనిషి ముంజేతి ఎక్స్‌రే చేతికొస్తే ఈ జిల్లాల్లో ఎవరి కన్నయినా ముందు అటే పోతుంది. షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాసిన ఫ్లోరోసిస్ వ్యాసానికి శీర్షికలోనే నెల్లూరు జిల్లా ఉంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోవే. ముంజేతిలో రెండు ఎముకల నడుమ ఉండే పలచటి పొరకి సున్నం, అంటే కాల్షియం, పట్టడం అస్థి ఫ్లోరోసిస్‌కి పెద్ద గుర్తు. ఈయన ఫిల్మ్‌లో అది నిజంగానే ఉంది. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళ జ్ఞాపకం ఎముకల్లో మిగిలిపోయింది.

కానీ ఆ ఫిల్మ్‌లో ఇంకొకటి కూడా ఉంది. పొరకి పట్టిన సున్నం ఎముక అంచు నుంచి చీపురు పుల్లల్లా, అడ్డదిడ్డంగా మొలుస్తుంది. దాని పక్కనే, బొటనవేలి వైపు, రైలు పట్టాల్లా జంటగా సాగే రెండు సన్నటి గీతలు మణికట్టు దాటి అరచేతిలోకి, అక్కడి నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా పోయాయి. ఎముకలకి సంబంధించినది ఏదీ కీలు దాటి అలా వంపు తిరిగి నడవదు. అది రేడియల్ ధమని. రంగు మందు ఎక్కించకుండానే ఎక్స్‌రేలో కనిపిస్తోంది.

ఈ రకాన్ని 1903లో జర్మన్ పాథాలజిస్టు యోహాన్ గియోర్గ్ మోన్‌కెబర్గ్ వర్ణించారు. గుండెపోటు తెచ్చే కొవ్వు గడ్డలు ధమని లోపొరలో పుడతాయి, దారికి అడ్డం పడతాయి. మోన్‌కెబర్గ్ రకంలో సున్నం మధ్య పొరలో, కండరం ఉండే చోట చేరుతుంది. దారి చాలాకాలం తెరిచే ఉంటుంది, గోడ మాత్రం బిగుసుకున్న గొట్టమైపోతుంది. అందుకే షుగరు, పొగ, కొలెస్ట్రాల్ ఏవీ లేకున్నా ఈయనకి వచ్చింది.

ఆయన భార్య పాత కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో దాచిపెట్టారు. అందులో మూడేళ్ళ కిందటి ముంజేతి ఎక్స్‌రే దొరికింది. లైటు పెట్టె మీద ఉంచి చూశాను. ఆ రెండు గీతలు అప్పటికే ఉన్నాయి, సన్నగా, వెతికితే దొరికేంతగా. ఆ ఫిల్మ్ నేను చూశానని కేసు షీటులో నా సంతకం ఉంది. నేనూ ఫ్లోరోసిస్ అనే రాశాను.

ఆ వారం చేయించిన పరీక్షలు: ఫాస్ఫరస్ 8.4 (పెద్దవాళ్ళకి 2.5 నుంచి 4.5 ఉండాలి), కాల్షియం 10.3, ఎముకను కరిగించి కాల్షియం బయటికి తెచ్చే పీటీహెచ్ హార్మోను 780. ఎకోలో ఎడమ జఠరిక గోడ మందంగా ఉంది, మైట్రల్ కవాటం వలయానికి సున్నం పట్టింది. నడుం పక్కవాటు ఎక్స్‌రేలో బృహద్ధమనికి ఎంత సున్నం పట్టిందో చెప్పే కౌపిలా స్కోరు 24కి 13.

గిన్నెకి పట్టిన చార

ఫిల్మ్ చూపిస్తూ చెబుతుంటే ఆయన భార్య ఒక మాట అన్నారు. "మా అత్తగారూరి బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా చార కట్టుద్దే, అట్టనా సార్?"

అవునని తలూపాను. ఇరవై ఏళ్ళ కిందటయితే మా పుస్తకాలూ దాదాపు అదే చెప్పేవి. కాల్షియం అంకెను ఫాస్ఫరస్ అంకెతో గుణించి, 55 దాటితే రెండూ కలిసి పేరుకుంటాయని లెక్కవేసేవాళ్ళం. ఈయనకి ఆ గుణకారం 86.5. కానీ ఇంటికెళ్ళాక ఆ పోలికే మనసులో తిరిగింది. మర్నాడు డయాలసిస్ దగ్గర ఆమెను కూర్చోబెట్టి మళ్ళీ చెప్పాను. ఎందుకంటే గిన్నె ఏమీ చెయ్యదు, చార పడుతుంటే ఊరికే పడి ఉంటుంది. రక్తనాళం అలా ఊరుకోదు.

ధమని మధ్య పొరలో ఉండేవి కండర కణాలు. సాగడం, ముడుచుకోవడం వాటి పని. రక్తంలో ఫాస్ఫేట్ ఎక్కువైనప్పుడు అది పిట్-1 అనే ద్వారం గుండా ఈ కణాల లోపలికి జొరబడుతుంది. లోపలికి పోయాక రన్‌ఎక్స్-2 అనే జన్యు మీటను నొక్కుతుంది. ఎముక తయారయ్యేటప్పుడు నొక్కాల్సిన మీట అది. దాంతో కండర కణం తన పని వదిలేసి ఎముక కణం పని మొదలుపెడుతుంది. ముడుచుకోవడానికి కావలసిన ప్రొటీన్లు తగ్గిపోతాయి, సున్నం పట్టడానికి అనువైన జిగురు తయారవుతుంది, చిన్నచిన్న బుడగలు బయటికి వస్తాయి. మొదటి స్ఫటికం ఆ బుడగల్లో పుడుతుంది. చనిపోయిన కణాల తునకలూ అలాంటి విత్తనాలే. 2000లో సిసిలియా జియాచెల్లి బృందం మనిషి ధమని కండర కణాలను ప్రయోగశాలలో పెంచి చూసింది. ఆరోగ్యవంతుల రక్తంలో ఉండేంత ఫాస్ఫేట్‌లో, అంటే లీటరుకి 1.4 మిల్లీమోల్ దగ్గర, కణాలు మామూలుగానే ఉన్నాయి. 2 మిల్లీమోల్‌కి పెంచితే సున్నం పోగుచేశాయి. 2 మిల్లీమోల్ అంటే మన ల్యాబు రిపోర్టు భాషలో 6.2. మా పేషెంటు పద్నాలుగు నెలలు దానికి పైనే ఉన్నారు.

ఒంట్లో దీనికి కాపలా లేకపోలేదు. లివరు తయారుచేసే ఫెట్యుయిన్-ఎ రక్తంలో తేలే కాల్షియం ఫాస్ఫేట్ నలుసులను చుట్టేసి పేరుకోకుండా పట్టుకుంటుంది. మేట్రిక్స్ గ్లా ప్రొటీన్ గోడలోనే ఉండి అడ్డుకుంటుంది. దాన్ని పనిలో పెట్టేది విటమిన్ కె. పైరోఫాస్ఫేట్ స్ఫటికాలు ఎదగనివ్వదు. కిడ్నీ జబ్బులో ఈ కాపలా బలహీనపడుతుంది. నలుసులు ఎక్కువైతే ఫెట్యుయిన్ సరిపోదు, పట్టుకున్న మెత్తటి నలుసులే ముదిరి గట్టి స్ఫటికాలై కణాలను గాయపరుస్తాయి. మొదటి ఫిస్టులా గడ్డకట్టినప్పుడు ఈయనకి వార్ఫరిన్ ఇద్దామని ఒక సూచన వచ్చింది. నేను వద్దన్నాను. విటమిన్ కె పనిని ఆపే మందు, గోడలో ఉన్న ఆ కాపలాదారుని ఇంటికి పంపేస్తుంది. ఈ కేసులో నేను సరిగ్గా చేసిన కొద్ది పనుల్లో అదొకటి.

ఫాస్ఫరస్ అంకె పెరగకముందే కథ మొదలవుతుందని కూడా చెప్పాలి. కిడ్నీ సగం దెబ్బతిన్నా రక్తంలో ఫాస్ఫరస్ మామూలుగానే కనిపిస్తుంది. ఎముక నుంచి ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోను, మెడలోని గ్రంథుల నుంచి పీటీహెచ్ పెరిగి, మిగిలిన కిడ్నీ చేత రెట్టింపు పని చేయిస్తుంటాయి. కిడ్నీ వడపోత నిమిషానికి 30 మిల్లీలీటర్ల కన్నా కిందికి జారాక గానీ అంకె పైకి లేవదు. ఎఫ్‌జీఎఫ్-23కి తోడుండే క్లోథో అనే ప్రొటీన్ కిడ్నీలోనే ఎక్కువగా పుడుతుంది, కిడ్నీతో పాటే అదీ తగ్గిపోతుంది. 1997లో జపాన్‌లో మకోటో కురో-ఓ బృందం క్లోథో లోపించిన ఎలుకలను వర్ణించింది. ధమనులకి సున్నం పట్టి, ముసలితనం ముందే మీదపడి అవి చనిపోయేవి. తర్వాతి ప్రయోగాల్లో మేతలో ఫాస్ఫరస్ తగ్గిస్తే ఆ ఎలుకలు కోలుకున్నాయి.

వయసుతో పనిలేదన్న సంగతి నాకు కొత్త కాదు. 2000లో విలియం గుడ్‌మన్ బృందం డయాలసిస్ మీదున్న 39 మంది పిల్లల్ని, యువకుల్ని స్కాన్ చేసి చూసింది. ఇరవై లోపు వాళ్ళెవరికీ గుండె ధమనుల్లో సున్నం లేదు. ఇరవై నుంచి ముప్ఫై మధ్య వయసున్న 16 మందిలో 14 మందికి ఉంది. ఈ లెక్క నేను విద్యార్థులకు చెప్పేవాణ్ణి.

మాత్రల పెట్టె

కేసు షీటు తెరిచాను. 6.9, 7.4, 7.1, 8.0, 7.6... ప్రతి అంకె పక్కనా "ఆహార నియమం చెప్పాం" అని నా చేతిరాత. ఏం చెప్పానో గుర్తులేదు. బహుశా అచ్చువేసిన కాగితం ఇచ్చి ఉంటాను.

ఈసారి డైటీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడాం. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఖాళీ పట్టీలతో సహా తెమ్మన్నాం.

ఆ కాగితంలో మొదటి వరసలో పప్పు, చిక్కుళ్ళు, వేరుశనగ ఉన్నాయి. "పప్పు మానేసి మూడేళ్ళయింది సార్. మనిషి చప్పబడిపోయాడు. పులుసు, కూర, మజ్జిగ, అంతే" అన్నారు ఆమె. మరి కూరేమిటని అడిగితే, "రొయ్యలే. ప్లాంటులో కౌంటుకి (సైజుకి) రానివి ఇస్తారు గదా. వారంలో నాలుగైదు రోజులు."

ఆ రొయ్య గురించి నాకు పాఠం చెప్పింది పేషెంటే. తల తీసి, ఒలిచి, కడిగిన రొయ్యను గడ్డకట్టించే ముందు ఒక పొడి కలిపిన చల్లటి నీళ్ళలో నానబెడతారు. అలా నానితే కండ నీళ్ళు పట్టి ఉబ్బుతుంది, గడ్డ కరిగించినా ఆ నీరు కారిపోదు, తూకం నిలబడుతుంది. ఆయన పదేళ్ళు ఆ సెక్షన్‌లోనే చేశారు. "దాన్ని ఎస్టీపీపీ అంటారు సార్" అన్నారు. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్. చట్టం అనుమతించిన పదార్థమే, ప్రపంచమంతా సముద్రాహారానికి వాడేదే. ఆరోగ్యమైన కిడ్నీ ఉన్నవాళ్ళు బయటికి పంపేస్తారు. కానీ కిడ్నీ లేని మనిషి వారానికి ఐదు రోజులు అదే తింటున్నాడు. పేరులోనే ఫాస్ఫేట్ ఉంది, ఆ సంగతి ఆరేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు.

ఇక్కడ తేడా అర్థం చేసుకోవాలి. పప్పులో, గింజల్లో ఉండే ఫాస్ఫరస్‌లో చాలా భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము మన పేగుల్లో లేదు, అందుకే సగం కన్నా తక్కువే ఒంటికి పడుతుంది. మాంసం, చేప, పాలలోది సగం నుంచి అరవై శాతం దాకా. కలిపిన ఫాస్ఫేట్ ఉప్పు మాత్రం తొంభై శాతానికి పైగా రక్తంలోకి వెళ్ళిపోతుంది. మేం తక్కువ పట్టేదాన్ని మాన్పించి, మొత్తం పట్టేదాన్ని వదిలేశాం. పైగా ముంజేతి కండ కరిగిపోయింది, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ 3.3కి దిగింది.

మిగతావి కూడా బయటపడ్డాయి. రోజుకి ఐదు టీలు, చిక్కటి గేదె పాలతో. ముల్లుతో సహా నమిలే ఎండు నెత్తళ్ళు. డయాలసిస్ అయ్యాక బస్టాండులో ఒక కోలా, "నీరసం పోద్ది" అని. నల్లటి కోలాలో పులుపు ఫాస్ఫారిక్ యాసిడ్‌ది. సీసాలో ఉండేది మరీ ఎక్కువ కాకపోయినా ఉన్నదంతా ఒంటికి పడుతుంది. అప్పుడే యంత్రం లాగేసిన చోటికి మళ్ళీ పోసినట్టు.

తర్వాత మాత్రలు. సెవెలమర్ 800 పూటకొకటి రాసిచ్చాను. ఖరీదెక్కువ, మలబద్ధకం చేస్తుంది. అందుకని రాత్రి అన్నం తిన్న గంటకి ఒక్కటే వేసుకునేవారు. అది పేగులో అన్నంతో కలిసి, అన్నంలోని ఫాస్ఫేట్‌ని పట్టుకుని బయటికి తీసుకుపోవలసిన మందు. అన్నం ముందే దిగిపోయాక పట్టుకోవడానికి ఏం మిగులుతుంది?

పెట్టె అడుగున నేను రాయనివి రెండున్నాయి. ఎముకల నొప్పులకని మందుల షాపులో అడిగి కొనుక్కున్న కాల్షియం మాత్రలు, రోజుకి మూడు, పరగడుపున, పడుకునేముందు. వారానికొకటి 60,000 యూనిట్ల విటమిన్ డి సాచెట్. వీటికి తోడు నేను రాసిన క్యాల్సిట్రయాల్, అదీ విటమిన్ డి రూపమే. భోజనంతో వేసుకుంటే కాల్షియం మాత్ర కూడా కొంత ఫాస్ఫేట్‌ని పట్టుకుంటుంది. పరగడుపున వేసుకుంటే నేరుగా రక్తంలోకి పోతుంది. విటమిన్ డి పేగు తలుపులు బార్లా తెరిచి కాల్షియాన్నీ, ఫాస్ఫేట్‌నీ రెండింటినీ లోపలికి రానిస్తుంది. ఎముకలు నొప్పి పెట్టింది పీటీహెచ్ వాటిని కరిగిస్తున్నందుకు. బలానికని మింగిన కాల్షియం దారి తప్పి ధమనిలో చేరింది. కిడ్నీ పేషెంటుకి అడక్కుండా కాల్షియం ఇవ్వడం మన ఊళ్ళలో ఇంత తేలిక కావడం నాకు కోపం తెప్పిస్తుంది.

2002లో గ్లెన్ చెర్టో బృందం 200 మంది డయాలసిస్ పేషెంట్లను 52 వారాలు గమనించింది. ఫాస్ఫరస్ రెండు గుంపుల్లోనూ ఒకేలా అదుపులో ఉన్నా, కాల్షియం మందులు వాడినవాళ్ళ ధమనుల్లో సున్నం పెరిగింది, సెవెలమర్ వాడినవాళ్ళలో అంతగా పెరగలేదు. కిడ్నీ జబ్బుల చికిత్సకి సూచనలిచ్చే అంతర్జాతీయ సంస్థ కేడిగో 2017 మార్గదర్శకాలు కాల్షియం మందుల మోతాదు తగ్గించమనడానికి ఇలాంటి ఫలితాలే కారణం.

వారం లెక్క

గోడ మీద బోర్డు మీద రాసి చూపించాను, ఎందుకంటే మూడో రోజు ఎందుకు రావాలో మాటలతో చెబితే ఆరేళ్ళు వినలేదు.

ఆయన తిండిలో రోజుకి సుమారు 1,300 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్. ఒంటికి పట్టేది 800 అనుకుందాం. వారానికి 5,600. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కటి తీసేది దాదాపు 800. రెండుసార్లకి 1,600. సెవెలమర్ 800 మాత్ర ఒక్కటి పట్టేది 20 మిల్లీగ్రాముల చిల్లర, అదీ అన్నంతో వేసుకుంటే. మిగిలిన నాలుగు వేలు ఎక్కడికి పోవాలి? అంకె పెరిగినకొద్దీ యంత్రం కాస్త ఎక్కువే లాగుతుంది, ఎముక కొంత దాస్తుంది, కాబట్టి లెక్క ఇంత సూటిగా నడవదు. కానీ మిగులు మిగులే.

గంట ముందే సూదులు తీసేయమని అడిగే పేషెంట్లు మాకు చాలామంది. ఫాస్ఫేట్‌లో ఎక్కువ భాగం కణాల లోపల ఉంటుంది. మొదటి గంటన్నరలో రక్తంలోది గబగబా తగ్గుతుంది, ఆ తర్వాత కణాల నుంచి మెల్లగా బయటికొస్తూ ఉంటుంది. పంపు వేగం పెంచినా లాభం తక్కువ. గంటలే పనిచేస్తాయి.

చేసిన మార్పులు, పద్దెనిమిది నెలలు

కాల్షియం మాత్రలు, సాచెట్, క్యాల్సిట్రయాల్ ఆ రోజే ఆపేశాం. డయాలసిస్ ద్రావణంలో కాల్షియాన్ని 1.75 నుంచి 1.5కి తగ్గించాం. వారానికి మూడుసార్లు, నాలుగు గంటలు. ప్లాంటు యజమానితో మాట్లాడి రాత్రి వాచ్‌మన్ పనికి మార్పించుకున్నారు. ఆ ఒక్క సర్దుబాటు లేకపోతే మిగతావేవీ నిలిచేవి కావు.

సెవెలమర్‌ని పూటకింత అని కాకుండా, తిండికి తగ్గట్టు పంచాం: టిఫిన్‌తో ఒకటి, మధ్యాహ్నం చేపో కోడో ఉంటే మూడు, రాత్రి రెండు. మొదటి ముద్ద, మాత్ర, తర్వాత మిగతా అన్నం. మలబద్ధకానికి లాక్టులోజ్.

పప్పు మళ్ళీ ఇంట్లోకి వచ్చింది, వారానికి మూడుసార్లు, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు వంపేసి. పొటాషియం తగ్గడానికి కూడా అలా వంపేయడం అవసరమే. రోజూ రెండు కోడిగుడ్ల తెల్లసొన: ఒక్కో తెల్లసొనలో మూడున్నర గ్రాముల ప్రొటీన్, ఐదు మిల్లీగ్రాముల ఫాస్ఫరస్. పచ్చసొనలో అంతకు పది రెట్లకు పైనే. రొయ్య తినాలనిపిస్తే చెరువు గట్టున పట్టినది, నానబెట్టనిది, వారానికి ఒకసారి, కొంచెం. నెత్తళ్ళు, కోలా మానేశారు. టీలు రెండుకి తగ్గాయి, అది ఆయనకి అన్నిటికన్నా కష్టమైంది.

మొదటి రెండు నెలలు బాధగానే గడిచాయి. నల్లబడిన వేలు కాపాడలేకపోయాం. తీసేయాల్సి వచ్చింది, పుండు మానడానికి పదకొండు వారాలు పట్టింది. డాప్లర్‌తో రెండు చేతులూ మోచేతి పైదాకా చూసి, ఎడమ పై చేతిలో కాస్త మెత్తగా మిగిలిన చోట ఫిస్టులా వేశారు అదే సర్జన్. అది నిలబడింది. పర్మ్‌క్యాత్ తీసేశాం.

నాలుగో నెలలో ఫాస్ఫరస్ 5.6, కాల్షియం 9.3. పీటీహెచ్ మాత్రం 690 దగ్గరే మొండికేసింది. దాన్ని తగ్గించే సినకాల్సెట్ 30 మొదలుపెట్టాం, పెద్ద భోజనంతో. రెండు వారాలు వికారం. కాల్షియం మరీ పడిపోకుండా మొదట్లో వారం వారం చూశాం. తొమ్మిదో నెలకి పీటీహెచ్ 410. కనుమ పండగ నెలలో ఫాస్ఫరస్ 6.6కి ఎగిరింది, మాంసం తిన్నందుకు కాదు, ఆ రోజుల్లో మాత్రలు ఇంట్లో మర్చిపోయి చుట్టాలింటికి వెళ్ళినందుకు.

పద్దెనిమిది నెలలకి నడుం ఎక్స్‌రే మళ్ళీ తీశాం. కౌపిలా స్కోరు 14. తగ్గలేదు, ఒకటి పెరిగింది. చేతిలో పట్టాలు అలాగే ఉన్నాయి. బీపీ 158/70. ఫాస్ఫరస్ 5.1. డయాలసిస్ మధ్యలో కళ్ళు తిరగడం పోయింది, ఎందుకంటే మాత్రలు రెండు తగ్గించాను. పట్టిన సున్నం వెనక్కి పోతుందని ఆయనకి నేను ఎప్పుడూ చెప్పలేదు. ఫాస్ఫరస్ తగ్గిస్తే మరణాలు తగ్గుతాయని ప్లసీబోతో (మందు లేని ఉత్తుత్తి మాత్రతో) పోల్చి రుజువుచేసిన ట్రయల్ లేదు, ఆ మాట కూడా దాచలేదు. 6.5 పైన ఉన్నవాళ్ళలో మరణాలు 27 శాతం ఎక్కువని 1998లో జెఫ్రీ బ్లాక్ బృందం చూపింది. అది సంబంధమే, రుజువు కాదని వాదించేవాళ్ళున్నారు. నేను ధమని చేత్తో తడిమి చూసిన సర్జన్ మాట విన్నాను. రుజువు వచ్చేదాకా ఆ అంకె పక్కన "చెప్పాం" అని రాసి ఊరుకోను.

మా యూనిట్‌లో రెండు పద్ధతులు మారాయి. కొత్తగా చేరిన ప్రతి పేషెంటుకీ నడుం పక్కవాటు ఎక్స్‌రే, చేతి ఎక్స్‌రే మొదటి నెలలోనే తీస్తున్నాం, కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి వచ్చినవాళ్ళ ఫిల్మ్‌లో ఫ్లోరోసిస్ కనిపించినా సరే ధమని దారి వెంట మళ్ళీ చూస్తున్నాం. రెండోది: మూడు నెలలకోసారి ఇంట్లోని మాత్రలన్నీ తెప్పించి చూస్తున్నాం.

మొన్న రెండో షిఫ్టులో ముప్ఫై ఒకటేళ్ళ కుర్రాడు కొత్తగా చేరాడు, ముత్తుకూరు వైపు నుంచి. ఫాస్ఫరస్ 7.2. నేను వాళ్ళమ్మతో మాట్లాడదామని వెళ్ళేసరికి పక్క బెడ్ దగ్గర నుంచి ఈయన భార్య అప్పటికే కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. కొంగు ముడి విప్పి మాత్రలు చూపిస్తూ అడుగుతున్నారు: "రొయ్య యాడదమ్మా మీరు తెచ్చుకునేది? ప్లాంటుదా, చెరువుదా?"